ఐదో తాత

షమీర్కాన్ ఇంటి ముందుగదిలో, పెద్దలు కూర్చునే చోటుకి సరిగ్గా పైన, నిలువెత్తు పటం ఒకటి ఉంది. తెల్లగుర్రం మీద వీరుడు అర్స్తాన్. చేతిలో కత్తి, కళ్ళలో నిప్పు, గుర్రం కాళ్ళ కింద చెల్లాచెదురవుతున్న శత్రువులు. వీరుడి ముఖం ఎలా ఉండేదో చూసినవాళ్ళెవరూ మిగల్లేదు కనుక, చిత్రకారుడి ముందు కూర్చునే భారం షమీర్కానే మోశాడు. అందుచేత వీరుడికి షమీర్కాన్ ముక్కూ, షమీర్కాన్ మీసమూ, కాస్త దగ్గరికి వెళ్ళి చూస్తే కుడిచెంప మీద షమీర్కాన్ పులిపిరీ కూడా వచ్చాయి. వచ్చిన అతిథులు పోలిక చూసి నోరు తెరిచేవారు.

"రక్తం ఎక్కడికి పోతుంది చెప్పండి," అనేవాడు షమీర్కాన్.

తమ్ముడు కల్దిబాయ్ చాలా ఏళ్ళుగా ఆ పటం కిందే టీ తాగుతున్నాడు. బళ్ళో భూగోళం చెప్పి రిటైరయిన మనిషి. భార్య సోనున్ పోయాక రోజూ ఒకపూట భోజనం అన్నగారింట్లోనే. వదిన జూరా ఆయన పళ్ళ సంగతి తెలిసి, ఎవరూ అడక్కుండానే, రొట్టెలో మెత్తటి ముక్క ఆయన వైపు తిప్పి పెట్టేది. అలాంటివి గమనించడం కల్దిబాయ్‌కి బాగా వచ్చు. గమనించి ఊరుకోవడం ఇంకా బాగా వచ్చు.

నిజానికి వాళ్ళ వంశంలో అర్స్తాన్ అనే మనిషి లేడు. ఆ స్థానంలో ఉన్నవాడు తొకొతాయ్. పొట్టేళ్ళకి విత్తులు తీసేవాడు. వసంతం రాగానే సంచిలో చిన్నకత్తి పెట్టుకుని మందమందకీ తిరిగేవాడని, ఆయన చెయ్యి పడిన పొట్టేలు సాయంత్రానికి లేచి మేతకి పోయేదని వాళ్ళ నాన్న ఒస్మాన్ కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. అంతకుమించి చెప్పుకోడానికి ఏమీ లేదు.

ఆ తొకొతాయ్ సోవియట్ రోజుల్లో షమీర్కాన్‌కి బ్రహ్మాండంగా పనికొచ్చాడు. నిరుపేద వంశం అంటే అప్పట్లో డిగ్రీకన్నా మిన్న. "జమీందార్ల పొట్టేళ్ళ కింద నలిగిన మా తాతకి తాత" అని సభల్లో గొంతు వణికించి, ఆ వణుకుతోనే జిల్లా సంస్కృతి భవనానికి డైరెక్టరయ్యాడు. తరువాత దేశం స్వతంత్రమైంది. చౌరస్తాలో ఉన్న లెనిన్‌ని బడి వెనక్కి జరిపి, ఆ దిమ్మె మీదికి అర్స్తాన్‌ని గుర్రంతో సహా ఎక్కించారు. ఇంచుమించు అదే వారంలో షమీర్కాన్ వంశంలోంచి తొకొతాయ్ దిగిపోయాడు, అర్స్తాన్ ఎక్కాడు. జిల్లాలో అలా ఎక్కించుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వీరుడు యుద్ధాలు చేశాడా, సంసారాలు చేశాడా అని కల్దిబాయ్‌కి అప్పుడప్పుడు అనుమానం వచ్చేది.

ఆనాటినుంచి షమీర్కాన్ ప్రతి బడి పండగకీ వెళ్ళి పిల్లలకి ఆదర్శం గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. మనిషి గుణం తాతలనుంచి వస్తుందనేవాడు. ఆయన కొడుకు ఎర్మెక్ పశువుల డాక్టరు. మంచుతుఫానులో కనుమ దాటి వెళ్ళి ఎవరిదో ఆవుకి పురుడు పోసి వస్తే, తండ్రి వీధిలో నిలబడి, "చూశారా, అర్స్తాన్ రక్తం," అన్నాడు. ఆ కుర్రాడి చిన్నతనమంతా కల్దిబాయ్ ఇంట్లో గడిచిన సంగతి ఎవరికీ గుర్తురాలేదు. తండ్రి సభల్లో ఉన్న రోజుల్లో సోనున్ వాడికి అన్నం పెట్టింది, కల్దిబాయ్ ఈనుతున్న గొర్రెల దగ్గరికి తీసుకెళ్ళి, లాంతరు ఎలా పట్టుకోవాలో, ఎప్పుడు చెయ్యి వేయకుండా ఊరుకోవాలో నేర్పాడు. పిల్లలు లేని ఆ దంపతులకి వాడే పిల్లవాడు. వాడు తనలాగే నెమ్మదిగా నడుస్తాడని, తనలాగే టీ గిన్నె రెండు చేతులతో పట్టుకుంటాడని కల్దిబాయ్ లోలోపల మురిసిపోయేవాడు. ఏడుగురు తాతల పేర్లు కూడా తనే నేర్పాడు, ఉన్నవి ఉన్నట్టు. తండ్రి దగ్గర మాత్రం అనకురా అన్నాడు.

ఆ కొండల్లో తండ్రినే ఒకటోవాడిగా లెక్కపెట్టే ఆ ఏడుగురు తాతల పేర్లు ఊరికే మురిపానికి కాదు. అబ్బాయి ఏడుగురు తాతల్లో, అమ్మాయి ఏడుగురు తాతల్లో ఒక్కడు కలిసినా వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళే. ఆ పైన పెళ్ళి మాట ఎత్తినవాడి ఇంట టీ కూడా తాగరు. అందుకే ఎర్మెక్, కనుమకి అవతలి లోయలో బడిపంతులమ్మగా ఉన్న సెజిమ్‌తో మొదటిసారి కలిసి టీ తాగిన రోజే, పేర్లు అప్పజెప్పుకున్నాడు. ఏవీ కలవలేదు. అదే సంగతి ఇంట్లో చెప్పాడు. ఆమె ఆరో తాత ఎవరో తండ్రికి చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు.

శరదృతువులో, మందలు కొండ దిగాక, అమ్మాయి తల్లిదండ్రులు ఇల్లు చూడ్డానికి వచ్చారు. సెజిమ్ రాలేదు. పెళ్ళి కానిదే ఆ గడప తొక్కకూడదు. తండ్రి బజార్కుల్ ఒకప్పుడు గుర్రాల ఫారానికి అధికారి, తెల్లగడ్డం, ఎక్కడ కూర్చున్నా కుర్చీలో కూర్చున్నట్టే ఉంటాడు. తల్లి కనిషాయ్ పొట్టిగా, గుండ్రంగా, ఇంట్లో ఉన్న సామానంతా ఒక్క చూపులో చూసి కళ్ళు దించేసుకుంది. గొర్రెను కోసి పెరట్లో పెద్ద బానలో మాంసం ఎక్కించారు. మాంసం వడ్డించి, పెద్దవాడికి తలకాయ అందిస్తే సంబంధం ఖాయమైనట్టు. ఈలోగా టీ, పుల్లటి గుర్రప్పాలు, వేయించిన పిండిముక్కలు.

"బావగారూ, పిల్లలు పేర్లు చూసుకున్నారట," అన్నాడు బజార్కుల్. "అయినా పెద్దవాళ్ళం ఉన్నాం కదా. మన చెవులతో మనం వింటే ఒక మర్యాద."

"మీరు అడగాలా బావగారూ? నేనే చెబుదామనుకుంటున్నాను."

ఎర్మెక్ తలెత్తి, "నాన్నా, ముందు మాంసం చూడమంటారా," అన్నాడు.

"మాంసం ఎక్కడికీ పోదు. కూర్చో." షమీర్కాన్ గొంతు సవరించుకున్నాడు. "వీడి తండ్రిని నేను. నా తండ్రి ఒస్మాన్. ఆయన తండ్రి సతిబల్ది. ఆయన తండ్రి కొజోష్." ఇక్కడ ఆగాడు. ఎన్నో సభల్లో ఆగిన చోటే అది. వెనక్కి తిరక్కుండా, బొటనవేలు భుజం మీదుగా పటం వైపు చూపించాడు. "కొజోష్‌ని కన్నవాడు వీరుడు అర్స్తాన్."

బజార్కుల్ చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఏ అర్స్తాన్?"

"అర్స్తాన్‌లు ఎంతమంది ఉంటారు బావగారూ. చౌరస్తాలో గుర్రమెక్కినాయనే."

"ఆయన మా అమ్మాయికి ఆరో తాత," అన్నాడు బజార్కుల్.

ఎర్మెక్ జేబులో ఫోను గుయ్యిమంటోంది. అటువైపు ఎవరున్నారో కల్దిబాయ్‌కి తెలుసు. ఇప్పుడు ఏడుపులుంటాయి, క్షమాపణలుంటాయి అనుకున్నాడు. ఆయన ఇంకా మనుషుల్ని సరిగ్గా చదవలేదు.

బజార్కుల్ మెల్లగా లేచాడు. చేతులు చాచాడు. కళ్ళు తడయ్యాయి. "అయితే మనం వియ్యంకులం కాదు. ఒకే వీరుడి బిడ్డలం."

షమీర్కాన్ కూడా లేచాడు. ఇద్దరూ పటం కింద ఒకర్నొకరు గట్టిగా కావలించుకున్నారు. ఒకరి వీపు ఒకరు దుమ్ము రేగేట్టు చరుచుకున్నారు. ఆపైన వరసలు లెక్క కట్టారు. అర్స్తాన్ షమీర్కాన్‌కి నాలుగో తాత, బజార్కుల్‌కి ఐదో తాత. అంటే వయసుతో పనిలేకుండా షమీర్కాన్ ఒక తరం పైనున్నాడు.

"అంటే నాకు చిన్నాన్నవుతావన్నమాట," అన్నాడు బజార్కుల్. గొంతులో తడి కాస్త ఆరింది.

"అవుతాను నాయనా," అన్నాడు షమీర్కాన్, తనకన్నా పదేళ్ళు పెద్దవాడి భుజం తడుతూ.

"మరి పిల్లల సంగతో?" అంది జూరా.

"పిల్లల సంగతేముంది, తప్పిపోయింది. పెద్ద పాపం తప్పింది, దేవుడు చల్లగా చూశాడు. వీడికి ఇంకో పిల్ల దొరకదా? ఇలాంటి చుట్టరికం దొరుకుతుందా? గిన్నెలు నింపు," అన్నాడు షమీర్కాన్.

గిన్నెలు నిండాయి. వీరుడి పేరున ఒకటి, దొరికిన రక్తసంబంధం పేరున ఒకటి. మధ్యలో ఎర్మెక్ లేచి మాంసం చూడాలని బయటికి వెళ్ళిపోయాడు. కల్దిబాయ్ ఆ చిన్నాన్నా కొడుకుల కొత్త వరస కాసేపు చూసి, తనూ లేచాడు.

పెరట్లో ఎర్మెక్ బాన పక్కన నిలబడి నురగ తీస్తున్నాడు. తీసేసిన చోటే మళ్ళీ తీస్తున్నాడు. ఫోను ఇంకా మోగుతోంది.

"ఎత్తరాదూ?" అన్నాడు కల్దిబాయ్.

"ఎత్తి ఏం చెప్పను బాబాయ్? నీకు చిన్నాన్ననయ్యానని చెప్పనా?"

"అబద్ధం అని నీకు తెలుసు కదరా. లోపల ఆ మాట అనొచ్చుగా."

ఎర్మెక్ గరిటె అంచుకి తట్టి, బాన వైపే చూస్తూ అన్నాడు. "నువ్వనలేదుగా."

అందులో కోపం లేదు. అదే కల్దిబాయ్‌ని దెబ్బతీసింది. కుర్రాడు తల వంచుకున్న తీరు, పెదవులు బిగించిన తీరు, ఆ ఓపిక, అన్నీ తనవే. ఇన్నాళ్ళూ నడకలో, గిన్నె పట్టుకోవడంలో పోలికలు వెతుక్కుని సంతోషించాడు. అసలైన పోలిక ఇప్పుడు కనిపించింది. అన్నగారు పిల్లవాడికి అబద్ధాల తాతని ఇస్తే, తను నోరు మూసుకునే చిన్నాన్నని ఇచ్చాడు. పిల్లవాడు మంచి శిష్యుడు. నేర్పింది నేర్పినట్టు నేర్చుకున్నాడు.

చేతులు కడుక్కోడానికని కనిషాయ్ బయటికి వచ్చింది. ఎర్మెక్ చెంబు అందుకోబోతే కల్దిబాయ్ తనే అందుకుని నీళ్ళు పోశాడు. ఎర్మెక్ అవతల కట్టెలు తేవడానికి వెళ్ళాడు.

"అబ్బాయి మంచివాడు అన్నయ్యగారూ," అంది ఆమె. "మా ఇంటికొచ్చినప్పుడు కుంటిమేకని చూసి ముందు దానికి కట్టు కట్టి, తరవాత మాకు నమస్కారం పెట్టాడు. మా ఆయన కోప్పడ్డారు. నాకు నచ్చింది."

"ఇప్పుడేం చేస్తాం తల్లీ."

"మీరేం చేస్తారో నాకేం తెలుసు?" ఆమె చేతులు తుడుచుకుంటూ లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మా అత్తగారు నన్ను కోడలిగా తెచ్చుకున్నప్పుడు ఆ ఇంటి పెద్దల పేర్లు వరసగా చెప్పి, ఇవి నీ నోట రాకూడదమ్మా అంది. రానివ్వలేదు ఇప్పటిదాకా. కానీ ఆవిడ చెప్పిన వాటిల్లో గుర్రం మీది మనిషి లేడు. చౌరస్తాలో బొమ్మ పెట్టాకే ఆయన మా ఇంటికొచ్చాడు."

కల్దిబాయ్ చెంబు కింద పెట్టాడు. "మీవాళ్ళు కూడానా?"

"మీవాళ్ళూ అదేనన్నమాట," అంది కనిషాయ్. "మీ ముఖం చూస్తేనే అనుకున్నా. అబద్ధం చెప్పినాయన మీసం తిప్పుతున్నాడు, మీరేమో దొంగలా కూర్చున్నారు."

"మరి మీరు చెప్పొచ్చు కదమ్మా, అసలు పేరు."

"నేను కోడలిని. ఆ పేరు పలికితే నా నోరు కడుక్కోవాలి. మీరు ఈ ఇంటి కొడుకు. మీ నోటికేమైంది?"

ఆ మాట అని, తువ్వాలు ఆయన భుజం మీద వేసి లోపలికి వెళ్ళిపోయింది.

మాంసం పళ్ళెం లోపలికి వచ్చింది. గొర్రెతలకాయ మీద ఆవిరి లేస్తోంది. షమీర్కాన్ చేతులు పైకెత్తాడు. "వియ్యంకుడిగా వచ్చి బిడ్డగా మిగిలిన మా బజార్కుల్‌కి, మా పెద్దలందరి తరఫునా," అని పళ్ళెం పట్టుకున్నాడు. అది అందితే ఆ చుట్టరికం ఖాయం. మళ్ళీ వెనక్కి తీసుకోడానికుండదు.

"అన్నా, ఆగు," అన్నాడు కల్దిబాయ్. "మన తాతల్లో అర్స్తాన్ లేడు. కొజోష్ తండ్రి తొకొతాయ్."

ఆయన గొంతు ఆ గదిలో అంత పెద్దగా ఎప్పుడూ వినబడలేదు. వినబడిన తరువాత తనకే భయమేసింది.

షమీర్కాన్ పళ్ళెం దించకుండానే నవ్వాడు. "మా తమ్ముడు. భార్య పోయినప్పట్నుంచీ ఇలాగే ఏదో ఒకటి అంటుంటాడు. ఒంటరితనం. మీరు పట్టించుకోకండి."

కల్దిబాయ్‌కి ముఖం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. సోనున్‌ని ఇందులోకి లాగుతాడని అనుకోలేదు. ఆవిడే ఉంటే ఈపాటికి పళ్ళెం లాక్కునేది. ఆ ఊహకి ఆయనకి కాస్త బలం వచ్చింది.

"పొట్టేళ్ళకి విత్తులు తీసేవాడు," అన్నాడు. "నువ్వే చెప్పావు అన్నా, సంస్కృతి భవనంలో, వేదికెక్కి. జమీందార్ల పొట్టేళ్ళ కింద నలిగాడని కన్నీళ్ళు పెట్టుకున్నావు. హాలంతా చప్పట్లు కొట్టింది. అప్పుడు తాతగా పనికొచ్చినవాడు ఇప్పుడు ఎందుకు పనికిరాడు?"

"అప్పుడు చెప్పింది అబద్ధం. అలా చెప్పకపోతే బతకనిచ్చేవారు కాదు."

"అయితే నువ్వు చెప్పిన మాట ఏదో ఒకటి అబద్ధమే కదా నాన్నా," అన్నాడు ఎర్మెక్ గుమ్మంలోంచి. చేతిలో కట్టెలు అలాగే ఉన్నాయి. మాట మెల్లగానే ఉంది, కానీ తల వంచలేదు. "నాకు బాబాయ్ నేర్పింది తొకొతాయ్ పేరే. సెజిమ్‌కి చెప్పిందీ అదే."

షమీర్కాన్ భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు జూరా. ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్ళయింది."

జూరా తలమీది గుడ్డ సరిచేసుకుంది. "ఆ పేరు నేను పలకకూడదు. ఎప్పుడైనా ఆయన ప్రస్తావన వస్తే చిన్నకత్తి తాతగారు అనమంది అత్తగారు. పెద్దకత్తి సంగతి ఆవిడకి తెలియదు మరి."

కనిషాయ్ దగ్గు వచ్చినట్టు తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

అందరూ బజార్కుల్ వైపు చూశారు. ఆయన గడ్డం నిమురుకుంటూ లోపల పెద్ద లెక్కేదో చేస్తున్నాడు. ఆ లెక్క ముఖం మీద ఒక్కొక్క అంకెగా కనిపిస్తోంది. ఇందాక దొరికిన చిన్నాన్న పోతాడు. పోతే మంచిదే, తెల్లగడ్డం పెట్టుకుని ఎవడో కుర్రవాడికి వంగనక్కర్లేదు. అర్స్తాన్ పూర్తిగా తన ఒక్కడికే మిగులుతాడు. కూతురు ఏడవదు. మాంసం చల్లారలేదు.

"పొట్టేళ్ళ పని తక్కువ పనేం కాదు బావగారూ," అన్నాడు చివరికి, చాలా దయగా. "ఎవరో ఒకరు చెయ్యాలి కదా. మా తాత అర్స్తాన్ మందలకి కూడా ఎవరో ఒకరు తీసే ఉంటారు. మీ తొకొతాయే అయ్యుండొచ్చు."

షమీర్కాన్ ముఖంలో ఎర్రదనం మీసందాకా పాకింది. కల్దిబాయ్ కనిషాయ్ వైపు చూశాడు. ఆవిడ పిండిముక్కల్లో ఏదో వెతుకుతోంది. ఒక్క మాటంటే రెండో వీరుడు కూడా గుర్రం దిగుతాడు. కానీ ఆ మాట పిల్లల పెళ్ళికి అక్కర్లేదు. కల్దిబాయ్ ఊరుకున్నాడు. ఊరుకోవడంలో కూడా రకాలుంటాయని ఆ రోజే తెలిసింది.

"ఒక్క చిన్న కోరిక," అన్నాడు బజార్కుల్ తలకాయ అందుకుంటూ. "ఆ పటం ఇప్పుడు మీకెందుకు? మా తాతని మేం తీసుకెళ్తాం."

"వద్దండీ," అంది కనిషాయ్. "ఇంట్లో ఒక మీసం చాలదా?"

ఆమె మాట చెల్లలేదు. మర్నాడు పటాన్ని దుప్పటిలో చుట్టి కారు పైన కట్టారు. కనుమ దాటి అవతలి లోయలో, బజార్కుల్ ఇంట్లో, షమీర్కాన్ ముక్కూ మీసమూ పులిపిరీ వేరే వంశానికి మూలపురుషుడై గోడెక్కాయి. అక్కడి అతిథులు కూడా పోలిక చూసి ఆశ్చర్యపోతున్నారట. బజార్కుల్‌లో అచ్చం ఆ కళ్ళేనట.

షమీర్కాన్ చాలా రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. భోజనానికి మాత్రం రావద్దనలేదు. జూరా మెత్తటి ముక్క తిప్పి పెట్టేది, షమీర్కాన్ గోడ మీది ఖాళీ వైపు చూస్తూ తినేవాడు. ఒకరోజు తమ్ముడికి టీ గిన్నె తనే నింపాడు. మాట లేదు. అక్కడ టీ నిండా పోస్తే తాగి లేచిపొమ్మని, సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని; ఆయన సగమే నింపాడు. కల్దిబాయ్ దాన్ని చాలాసేపు తాగాడు.

పెళ్ళి తొలిమంచు పడకముందే జరిగింది. ఊరి హాల్లో రెండు లోయల జనం. సెజిమ్ పొడుగాటి తెల్లటోపీ కింద నవ్వు ఆపుకోలేక అవస్థపడుతోంది. ఎర్మెక్ చెప్పవలసిన మాటలు కాగితం లేకుండా నిలబడి చెప్పాడు, పెద్దగా, అందరికీ వినబడేట్టు. కల్దిబాయ్‌కి అది చాలు.

తరువాత షమీర్కాన్ గిన్నె పట్టుకుని లేచాడు. ఆయన సభల్లో లేస్తే గంట పడుతుందని తెలిసినవాళ్ళు కుర్చీల్లో సర్దుకున్నారు. బజార్కుల్ దయగా చిరునవ్వు సిద్ధం చేసుకున్నాడు. తొకొతాయ్ ఏ రాజుగారి పొట్టేళ్ళకి పని చేశాడో, ఏ యుద్ధంలో చిన్నకత్తితో ఎంతమందిని కూల్చాడో ఇప్పుడు అందరికీ తెలుస్తుందనుకున్నాడు కల్దిబాయ్.

"నా కొడుకు ఐదో తాత పేరు తొకొతాయ్," అన్నాడు షమీర్కాన్. ఆగాడు. ఆగిన చోట చూపించడానికి వెనక ఏమీ లేదు. బొటనవేలు కొంచెం లేచి మళ్ళీ దిగింది. "పశువుల పని చేశాడు. వీడూ అదే చేస్తున్నాడు. పిల్లలు చల్లగా ఉండాలి." అని కూర్చున్నాడు.

జనానికి అది అయిపోయిందని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తరువాత చప్పట్లు కొట్టారు, ముఖ్యంగా ఆకలి మీదున్నవాళ్ళు.

షమీర్కాన్ తమ్ముడి వైపు వంగాడు. ఆ రోజు తరవాత మొదటి మాట అదే.

"ఒరేయ్, నాన్న నీకేమైనా చెప్పాడా? మనిషి పొడుగేనా?"

"పొడుగు సంగతి ఎవరూ చెప్పలేదన్నా."

"పొట్టివాడైతే చెప్పుకునేవాళ్ళు. మన ఊళ్ళో అలాంటివి మరిచిపోరు." షమీర్కాన్ గిన్నెలోకి చూస్తూ ఆలోచించాడు. "చెప్పలేదంటే పొడుగే. మంచి పొడుగే అయ్యుంటాడు."

కల్దిబాయ్ కాదనలేదు. తాతకి జానెడు పొడుగు ఎక్కువ ఇచ్చినంత మాత్రాన ఏ పెళ్ళీ ఆగదు.